ఉప్పాడ జాందానీ: 12 ఏళ్లు కట్టాక

2013లో మా తమ్ముడి పెళ్లికని కాకినాడ దగ్గర ఉప్పాడ వెళ్లి ఒక జాందానీ చీర కొన్నాను. ముదురు వంగపండు రంగు పట్టు, ఒళ్లంతా జరీ బుటాలు. అప్పటి నా జీతంలో సగానికి పైనే పోయింది. మా ఆయన బిల్లు చూసి ఏమీ అనలేదు గానీ, ఇంటికొచ్చేదాకా కార్లో పాటలు మాత్రం పెట్టలేదు. ఇప్పటికి ఆ చీర ముప్పైసార్లకు పైనే కట్టి ఉంటాను.

కొనేముందు మగ్గం చూపించారు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. ఒక్కో బుటాకి పోగు చుట్టిన ఒక్కో చిన్న కండె. పైన జాలా, అంటే డిజైన్ ప్రకారం ముందే కట్టిపెట్టిన తాళ్లు, లాగితే ఆ వరసకి కావలసిన పడుగు (నిలువు) పోగులు లేస్తాయి. వాటి కింద జరీ పోగుని చేత్తో దూర్చి, బుటా అంచు దాకా తెచ్చి, అక్కడే వెనక్కి తిప్పుతారు. తర్వాత నాడె (అడ్డం పోగుని మోసుకెళ్లే పనిముట్టు) ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి మామూలు పేక వేస్తుంది. మళ్లీ బుటా పోగు, మళ్లీ పేక. జాందానీ నేత అంటే ఇదే. నేను నిలబడ్డ పావుగంటలో పువ్వుకి ఒక రేక కూడా పూర్తవలేదు. ఇంక బేరం ఆడకూడదనుకున్నాను. ఆడాను, అది వేరే సంగతి.

ఈ నేత విలువ నాకు నిజంగా తెలిసింది రెండో చీర వల్ల. 2018లో సిటీలో ఒక షాపులో ‘ఉప్పాడ’ అని ఇచ్చారు, ధర మొదటిదాన్లో మూడో వంతు. పైకి తేడా తెలీదు. సిల్క్ మార్క్ లేబుల్ కూడా ఉంది. ఇంటికొచ్చి తిరగేస్తే తెలిసింది, అది జకార్డ్, అంటే డిజైన్ ప్రకారం పడుగు పోగుల్ని తనంతట తానే లేపే పరికరంతో నేసింది. అందులో బుటా పోగు చీర వెడల్పంతా పోతుంది. బుటాకీ బుటాకీ మధ్య వెనకవైపు వేలాడే పోగుల్ని తర్వాత కత్తిరించేస్తారు. ప్రతి పువ్వుకీ అటూ ఇటూ కురచ కొసలు మిగులుతాయి. రెండోసారి కట్టినప్పుడే కుచ్చిళ్ల లోపల మెట్టె తగులుకుని ఒక కొస లాగేసింది. ఇప్పటికి ఆరేడు పువ్వులు బోడిగా ఉన్నాయి.

జకార్డ్ చెడ్డదని కాదు. కంచి పట్టుచీరలకూ వాడతారు, అక్కడ నేత ఒత్తుగా ఉంటుంది కాబట్టి పోగు జారదు. పల్చటి గుడ్డలో కత్తిరించిన కొసకి పట్టు దొరకదు, అంతే. నా మొదటి చీరలో కత్తిరించాల్సిన పోగే లేదు. ఇన్నేళ్లలో ఒక్క బుటా కూడా ఊడలేదు.

లేబుల్ విషయం కూడా అప్పుడే తెలుసుకున్నాను. సిల్క్ మార్క్ అంటే పట్టు అసలైనదని మాత్రమే, ఎలా నేశారన్నది అది చెప్పదు. చేనేతకి హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. ఉప్పాడ జాందానీకి 2009లోనే జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందన్న గుర్తింపు, వచ్చింది. ఇవన్నీ అడగండి, కానీ ముందు చీర తిరగేసి వేళ్లతో తడమండి. గరుగ్గా కొసలు తగిలితే జాందానీ ధర ఇవ్వొద్దు.

ఇక జాందానీ పెట్టిన ఇబ్బందులు. గుడ్డ మరీ సుకుమారం. భుజం దగ్గర పిన్ను పెట్టినచోట చిన్న చిల్లు పడింది, రఫ్ఫు చేయించాను. సెంటు పడ్డచోట జరీ నల్లబడింది, ఎన్ని డ్రై క్లీనింగులు చేయించినా పోలేదు. పాపాయి పుట్టినప్పుడు రెండేళ్లు బీరువాలో అదే మడతలో వదిలేస్తే, కొంగు జరీ మడత వెంట విరిగి గీత పడింది. ఇప్పుడు పాత నూలు పంచెలో చుట్టి, మూణ్ణెల్లకోసారి మడత మార్చి పెడుతున్నా. కట్టిన రోజు చెమటతో అలాగే మడవకుండా నీడలో ఆరేస్తాను.

బరువు మాత్రం అసలు తెలీదు. మే నెల పెళ్లిలో కంచి పట్టు కట్టుకున్నవాళ్లు ఫ్యాన్ కింద చోటు వెతుక్కుంటుంటే నేను వడ్డన చేశాను.

పోయినేడు ఫాల్ ఊడిపోతే కొత్తది వేయమని ఇచ్చాను. టైలరు లోపలి వైపు ఏదో పోల్చుకోలేక తిరగేసి కుట్టేశాడు. విప్పదీస్తే గుడ్డ ఎక్కడ పాడవుతుందోనని వదిలేశాను. అప్పట్నుంచీ మూడుసార్లు వెనక వైపే పైకి పెట్టి కట్టాను. మా అత్తగారు కూడా కనిపెట్టలేదు.