ఒబామీటర్: అధ్యక్షుడి హామీల చిట్టా ఓటరుకు ఎంతవరకు పనికొస్తుంది?

కోటి ఆశలతో గెలిపించుకున్న కొత్త అధ్యక్షుడు ఏడాది తిరగకముందే మాట తప్పాడని అనిపించినప్పుడు, ఆ నిరాశకు ఆధారం ఎంత ఉందో తేల్చుకోవడానికి ఓటరుకు నమ్మకమైన చోటు ఒకటి కావాలి. అమెరికాలో నాయకుల మాటల నిజానిజాలను తేల్చే పొలిటిఫ్యాక్ట్ వెబ్‌సైట్ 2009 జనవరిలో ప్రారంభించిన ఒబామీటర్ అలాంటి ఉచిత సేవ. బరాక్ ఒబామా ప్రచారంలో ఇచ్చిన హామీలను ఏరి, ఒక్కొక్కదానికి విడిగా పేజీ కేటాయించి, నెరవేరిందా, రాజీతో ముగిసిందా, తప్పిందా, ఆగిపోయిందా అన్నది ఆధారాలతో సహా నమోదు చేసింది. రెండు ఎన్నికల హామీలు కలిపి మొత్తం 533 కాగా, వాటిలో సగానికి కాస్త తక్కువ నెరవేరాయని, దాదాపు నాలుగో వంతు తప్పాయని లెక్క తేల్చింది.

ఈ సేవ అసలు విలువ మొత్తం అంకెల్లో కాక విడి పేజీల్లో ఉంది. ఉగ్రవాద అనుమానితులను ఉంచడానికి క్యూబాలోని అమెరికా స్థావరంలో నడిపే గ్వాంటనామో నిర్బంధ కేంద్రాన్నే తీసుకుందాం. ఏడాదిలోగా దాన్ని మూసివేయాలని ఒబామా 2009 జనవరి 22న ఉత్తర్వుపై సంతకం చేశారు. అందుకు నిధులు ఇవ్వరాదని అదే ఏడాది మే నెలలో అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లోని ఎగువ సభ సెనెట్ 90–6 ఓట్లతో తీర్మానించింది. ఆయన పదవి వీడేనాటికీ ఆ కేంద్రం తెరిచే ఉంది. దీని పక్కనే మరో హామీని పెట్టి చూడాలి. అత్యవసరం కాని బిల్లులను సంతకానికి ముందు ఐదు రోజులపాటు ప్రజాభిప్రాయానికి ఉంచుతానని ఆయన చెప్పారు. కానీ అధ్యక్షుడిగా సంతకం చేసిన మొట్టమొదటి బిల్లు, మహిళల సమాన వేతనానికి సంబంధించిన లిల్లీ లెడ్‌బెటర్ చట్టం విషయంలోనే, కాంగ్రెస్ ఆమోదించిన రెండు రోజులకే సంతకం పెట్టేశారు. ఇక్కడ ఆయన చేతికి ఎవరూ అడ్డుపడలేదు. చట్టం మంచిదే అయినా, ఆ వెనుకాడని తొందర ఓటరును నొప్పించడం న్యాయమేనని నా అభిప్రాయం.

లోపం తూకంలో ఉంది. కుమార్తెలకు కుక్కపిల్లను తెచ్చిస్తానన్న మాట కూడా జాబితాలో ఒక హామీయే. గ్వాంటనామో మూసివేత కూడా ఒక హామీయే. అన్నిటినీ సమానంగా లెక్కించి తీసిన శాతాన్ని పాలనకు వేసిన మార్కులుగా చదివితే పొరపాటు పడతాము. పైగా అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో జరిగే 2010 మధ్యంతర ఎన్నికల్లో ఒబామా పార్టీ అయిన డెమొక్రాట్లు ప్రతినిధుల సభలో 63 స్థానాలు కోల్పోయినప్పుడు దేశంలో నిరుద్యోగం 9 శాతానికి పైనే ఉంది. ఉద్యోగం పోయినవారి ఆగ్రహం ఈ చిట్టాలో ఏ ఒక్క గడిలోనూ ఇమడదు. తరువాత ట్రంప్, బైడెన్‌ల హామీలను నమోదు చేసినప్పుడు సుమారు వంద ముఖ్యమైనవాటికే పరిమితం కావడం సరైన మార్పు.

ఓటరుగా ఎవరు చూసినా, ముందు తాము ఓటు వేయడానికి కారణమైన రెండు మూడు హామీల పేజీలు పూర్తిగా చదివి, ఆ తరువాతే మొత్తం లెక్క జోలికి వెళ్లడం మంచిది. నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే: కాంగ్రెస్ అడ్డుకున్నదానికీ, అధ్యక్షుడు తానే వదిలేసినదానికీ ‘తప్పింది’ అనే ఒకే ముద్ర వేయకుండా, అది ఎవరి చేతిలోని పనో పేజీ తలభాగంలోనే చూపాలి.