కరెంటు మీటరు మార్పిడి సర్వీసు, తిరుపతి: 5కి 3 స్టార్లు

పని చేసిన తీరుకు ఐదూ ఇచ్చేవాణ్ణి, పని మొదలయ్యేదాకా తిప్పినందుకు రెండు కోసేశాను.

మేం కొన్నది ఒక పాత ఇంట్లో సగం, మిగతా సగంలో పాత ఓనరే ఉంటాడు. రెండు మీటర్లూ ఒకే బోర్డు మీద, ఆ బోర్డు ఆయన మెట్ల కింద, దానికో గ్రిల్లు, గ్రిల్లుకు తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకు. మా మీటరు డిస్‌ప్లే పోయింది. అంకెలు కనబడక బిల్లు సరాసరి లెక్కన కొడుతూ పోయారు, అంటే ఏసీ ఆపేసినా ఎండాకాలం బిల్లే. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేస్తే కంప్లైంట్ నంబరు ఇచ్చారు, లైన్‌మ్యాన్ కొత్త మీటరు పట్టుకునే వచ్చాడు. ఇక్కడిదాకా వంక పెట్టేదేం లేదు.

పక్కాయన గ్రిల్లు తీస్తేగా! స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు ఒకటే, బోర్డు దగ్గర రెండుగా చీలుతుంది, మాది మార్చాలంటే కాసేపు ఆయనకూ కరెంటు ఆపాలి. ఆయనకు ముందుగదిలో కూల్‌డ్రింకుల అంగడి. "బ్రహ్మోత్సవాల బేరంలో ఫ్రీజరు ఆపితే ఐస్‌క్రీములన్నీ నువ్వు కొంటావా స్వామీ, అయిపోయినాక చూద్దాం పో" అన్నాడు. మూత తీయకపోతే అరగంటకు ఏ ఐస్‌క్రీమూ కరగదు, అసలు కోపం దారి గొడవది, అది వేరే కథ.

కరెంటాఫీసులో ఏమో "మీరూ మీరూ మాట్లాడుకోండి సార్, తాళం తీయించి ఫోన్ చేయండి, వచ్చేస్తాం" అని. నాకు మండింది ఇక్కడే. విద్యుత్ చట్టం 2003లో 163వ సెక్షన్ ఉంది, మీటరు చూడటానికి, మార్చడానికి లోపలికి వెళ్లే హక్కు వాళ్లకే ఉంది, నాకు లేదు. రానివ్వకపోతే రాతపూర్వకంగా నోటీసిచ్చి, 24 గంటలు గడిచాక రానివ్వనివాళ్ల కరెంటే ఆపేయొచ్చు. 2020 వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారమైతే చెడిపోయిన మీటరును పట్టణాల్లో 24 గంటల్లో మార్చాలి. ఇవన్నీ రాసి కరెంటాఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి అర్జీ ఇచ్చి, రసీదు అడిగాను. అప్పుడు కదిలింది. నోటీసు వచ్చిన మర్నాడు, పొద్దున అంగడి తెరవకముందే పక్కాయన తనే గ్రిల్లు తీశాడు.

లైన్‌మ్యాన్ పని మాత్రం నీటు. స్తంభం మీద వైరు విప్పి, కింద టెస్టర్ పెట్టి చూసుకున్నాకే మీటరు ముట్టుకున్నాడు, కాలి నల్లబడ్డ వైరు కొసలు కత్తిరించి కొత్తగా బిగించాడు, సీలు వేశాడు, డబ్బులు అడగలేదు. మీరు చేయిస్తే కొత్త మీటరు నంబరు, మొదటి రీడింగు ఫోటో తీసుకోండి, పాత మీటరు నంబరుతో మార్పిడి కాగితం కూడా అడిగి తీసుకోండి, తర్వాత బిల్లు తేడా వస్తే చూపించడానికి అదే ఆధారం.

మీటరు మా వైపు గోడకు మార్చమని విడిగా దరఖాస్తు పెట్టాను, దానికి ఖర్చు మనదే. సరాసరి బిల్లుల సర్దుబాటు ఇంకా కాలేదు, అది బిల్లులో కనబడిన రోజు ఇంకో స్టారు కలుపుతాను.