ఎర్రగడ్డలో 2,200కి కొన్న పాత బెంచ్ వైస్, ఆరు నెలలు వాడాక

ఆరు నెలల కిందట హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం మార్కెట్‌లో నాలుగంగుళాల పాత బెంచ్ వైస్ (బల్లకి బిగించి, పని చేసే వస్తువుని రెండు దవడల మధ్య గట్టిగా పట్టి ఉంచే సాధనం) ఒకటి కొన్నాను. అమ్మినాయన మొదట చెప్పిన రేటు 4,500, ఎందుకంత అంటే "అసలు ఇంగ్లండ్ మాల్ సార్, పేరు చూడండి" అన్నాడు. పేరైతే ఉంది. కదిలే దవడ పక్కన రికార్డ్ అని ఉబ్బెత్తు అక్షరాలు, కింద నంబర్ 3. చివరికి 2,200కి ఇచ్చాడు. అది ఇంగ్లండ్‌ది కాదని ఇంటికి తెచ్చాక తేలింది. అయినా ఇవాళ ఎవరైనా వచ్చి ఆ 4,500 నా చేతిలో పెడతామన్నా ఇవ్వను, అంత బాగుంది.

ఎలా చూసి కొన్నామో వివరంగానే రాస్తాను, ఎందుకంటే అంతకు ముందు చూడటం రాక గట్టిగా దెబ్బతిన్నాను. పోయినేడు ఒక పాత సామాన్ల షాపులో ఐదంగుళాల వైస్ 1,800కి తీసుకున్నాను. నీలం రంగు నిగనిగలాడుతోంది, హ్యాండిల్ తిప్పితే వెన్నలా తిరుగుతోంది, ఇంకేం కావాలి అనుకున్నాను. మూడో రోజు పది ఎంఎం కడ్డీ బిగించి వంచుతుంటే టప్‌మని ముందు దవడ మెడ దగ్గర విరిగి, నా కాలికి బెత్తెడు దూరంలో పడింది. విరిగిన చోట చూస్తే సగం కొత్త విరుపు, బూడిద రంగులో పలుకులు పలుకులుగా మెరుస్తోంది. మిగతా సగం నల్లగా నూనె పీల్చుకుని ఉంది. అంటే ఎప్పుడో బీట వారిన దాని మీద లప్పం పెట్టి, ఎమెరీ పేపర్ కొట్టి, పైన రంగేశారు. షాపుకెళ్ళి అడిగితే మాకు వచ్చిందే అలా అన్నారు. డబ్బు పోయింది సరే, ఆ ముక్క పాదం మీద పడి ఉంటే అన్న ఆలోచన చాలా రోజులు వదల్లేదు.

అందుకే ఈసారి మా మామయ్యని వెంటపెట్టుకుని వెళ్ళాను. ఐటీఐలో ఫిట్టర్ చేసి ముప్పై ఏళ్ళకి పైగా వర్క్‌షాపుల్లో పనిచేసిన మనిషి. నేను పేరు చూసి "మామయ్యా, రికార్డ్ అట" అంటే ఆయన అటు కన్నెత్తి కూడా చూడలేదు. "పేరు ఎవడైనా పోస్తాడురా, ముందు స్క్రూ బయటికి తియ్యి" అన్నారు. అమ్మినాయన కాస్త గొణిగాడు గానీ ఆపలేదు. హ్యాండిల్ తిప్పుతూ తిప్పుతూ ముందు దవడ మొత్తం బయటికి లాగేశాం. సెకండ్ హ్యాండ్ వైస్ కొనేవాళ్ళు ఏం చేసినా చేయకపోయినా ఈ పని మాత్రం తప్పక చేయండి. వద్దని అడ్డం పడే చోట కొనకండి.

స్క్రూ థ్రెడ్ మీద ఆయన గోరు పెట్టి చూపించారు. వైస్‌లో మనం పెట్టే పనులు ఎక్కువగా అంగుళం, రెండంగుళాల లోపువే. అంటే దవడలు దాదాపు మూసుకుని ఉన్న చోటే బలమంతా పడుతుంది, కాబట్టి స్క్రూకి హ్యాండిల్ వైపు ఉన్న థ్రెడ్ అరుగుతుంది, అవతలి కొస కొత్తగా ఉండిపోతుంది. ఈ రెండూ పక్కపక్కన పోల్చి చూస్తే ఆ వైస్ ఎంత పని చేసిందో తెలిసిపోతుంది. మంచి స్క్రూ థ్రెడ్ తల చదునుగా, పలకగా ఉంటుంది. అరిగేకొద్దీ సన్నబడి చివరికి చాకు అంచులా తయారవుతుంది. నేను కొన్నదానిలో హ్యాండిల్ వైపు కొంచెం సన్నబడింది గానీ తల ఇంకా చదునుగానే ఉంది. తర్వాత వైస్ లోపల ఆ స్క్రూ తిరిగే నట్టు. వైస్ మళ్ళీ బిగించి, హ్యాండిల్ ఒకవైపు తిప్పి, వెంటనే రెండోవైపు తిప్పితే దవడ కదలడానికి ముందు ఎంత ఖాళీగా తిరుగుతుందో చూడాలి. పావు చుట్టు లోపైతే పరవాలేదు అన్నారు మామయ్య. దీనిలో అంతకంటే తక్కువే ఉంది. అదే మార్కెట్‌లో నాలుగడుగుల అవతల ఉన్న ఇంకో వైస్ ఇంకా పెద్దది, ఇంకా చవక, కానీ దాని హ్యాండిల్ ముప్పావు చుట్టు తిరిగితే గానీ దవడ కదల్లేదు. నట్టు పోయిందన్నమాట, ఆ సైజు నట్టు విడిగా దొరకడం కష్టం, లేత్ మీద చేయించాలంటే వైస్ ధరంత అవుతుంది.

ఇక నా పాత దెబ్బకి మందు, అయస్కాంతం. స్పీకర్లోంచి తీసిన చిన్న ముక్క జేబులో వేసుకెళ్ళాను. బీడు, అంటే పోత ఇనుము, దాని మీద టక్కున అతుక్కుంటుంది. లప్పం మందంగా ఉన్న చోట పట్టు సడలిపోతుంది, చేతికి తెలుస్తుంది. దవడ మెడ, స్క్రూ దూరే రంధ్రం చుట్టూ, బోల్టులు పడే చెవులు, ఈ మూడు చోట్లా మెల్లగా జరుపుతూ చూడండి, విరిగేది అక్కడే. రంగు కింద పసుపు గీత కనిపిస్తే ఇత్తడితో అతికించారని అర్థం. బాగా చేసిన బ్రేజింగ్ అయితే చిన్న పనులకి ఏళ్ళ తరబడి నిలుస్తుంది, దాన్ని చూసి పారిపోనక్కర్లేదు, ధర సగానికి తగ్గించి అడగండి. మామూలు రాడ్‌తో ఆర్క్ వెల్డింగ్ చేసిన బీడు మాత్రం వద్దు. అతుకు గట్టిగానే ఉంటుంది, అతుకు పక్కన మళ్ళీ పగులుతుంది.

మామయ్య ముందు దవడని తాడుతో వేలాడదీసి స్పానర్‌తో కొట్టారు కూడా. నేల మీద పెట్టి కొడితే ఏమీ తెలియదు, వేలాడాలి. ఉక్కు అయితే గంటలా మోగి కాసేపు నిలుస్తుంది. మామూలు బీడు ఠక్‌మని ఆగిపోతుంది. పగులుంటే ఆ ఠక్ కూడా రాదు, చీలిన కుండ చప్పుడు వస్తుంది. దీనిది మామూలు బీడు చప్పుడే. అడుగున రంగు లేని చోట ఆకురాయితో నాలుగు గీతలు గీస్తే నల్లటి పొడి రాలింది, వేలితో రుద్దితే పెన్సిల్ ముక్కు రుద్దినట్టు వేలు నల్లబడింది. బీడులో ఉండే గ్రాఫైట్ అది. ఆ గ్రాఫైట్ రేకులు రేకులుగా ఉండటం వల్లే మామూలు బీడు దెబ్బకి విరుగుతుంది. రేకులు కాకుండా చిన్న చిన్న గుండ్లుగా ఉండేలా చేసిన రకం ఎస్‌జీ ఐరన్, అది 1940ల్లో వచ్చింది, వంగుతుంది గానీ చప్పున విరగదు. కాబట్టి 1930ల నాటి వైస్ చూపించి ఎస్‌జీ ఐరన్ అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంటికి తెచ్చి కిరోసిన్, వైర్ బ్రష్‌తో రెండు రోజులు కూర్చున్నాను. అసలు ఏ ఊరిదో అప్పుడు తేలింది. అసలైన రికార్డ్ వైస్‌లు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో సి అండ్ జె హాంప్టన్ కంపెనీ చేసేది. 1972లో రిడ్జ్‌వే కంపెనీతో కలిసి రికార్డ్ రిడ్జ్‌వే అయింది, కాబట్టి ఆ జంట పేరు ఉన్నదేదీ 1972కి ముందుది కాదు. బాలానగర్‌లో చిన్న వర్క్‌షాప్ ఉన్న మా ఫ్రెండ్ దగ్గర అసలైన నంబర్ 3 ఒకటి ఉంది, నాది బండిలో వేసుకుని అక్కడికెళ్ళి రెండూ పక్కన పెట్టాను. దూరం నుంచి కవలపిల్లలే. దగ్గరికెళితే అసలుదాని అక్షరాలకి అంచులు నిలువుగా, తీరుగా ఉన్నాయి, గోరు పెడితే తగులుతుంది. నాదాని అక్షరాలు సబ్బు బిళ్ళ మీద పేరు నాలుగు రోజులు వాడాక ఎలా ఉంటుందో అలా మొద్దుగా ఉన్నాయి. ఇంగ్లండ్ అన్న మాటలో సగం అక్షరాలు పోతలోనే కలిసిపోయాయి.

మా ఫ్రెండ్ వెర్నియర్ (సన్న కొలతలు తీసే సాధనం) తీసి మెషీన్ పట్టని చోట, అంటే పోత పోసింది పోసినట్టే ఉన్న బేస్ చెవుల మధ్య కొలిచాడు. అసలుది 180 ఎంఎం, నాది 178. ఇది ఎందుకు జరుగుతుందంటే, బీడు చల్లారేటప్పుడు దాదాపు ఒక శాతం కుంచించుకుపోతుంది. చెక్క నమూనా చేసేవాళ్ళు ఆ శాతం కలిపే పెద్దదిగా చేస్తారు, దానికి వేరే స్కేలే ఉంటుంది. కానీ అసలు వైస్‌నే ఇసుకలో అచ్చు తీసి పోస్తే, వచ్చే నకలు ఆ శాతం చిన్నదవుతుంది, అక్షరాలు మొద్దుబారతాయి. రెండు మిల్లీమీటర్లు కంటికి ఆనవు, కానీ ఆ కొలత చూశాక నాకు ఇంకే సందేహం లేదు.

ఇంకో పరీక్ష పక్కన అసలుది లేకపోయినా చేయొచ్చు, నాకు చాలా నచ్చింది. హ్యాండిల్ సరిగ్గా పది చుట్లు తిప్పి దవడ ఎంత జరిగిందో కొలవండి. అంగుళానికి నాలుగు థ్రెడ్ల లెక్కతో చేసిన స్క్రూ అయితే 63.5 ఎంఎం జరుగుతుంది, ఆరు ఎంఎం లెక్కదైతే 60. నాది 60 వచ్చింది. దవడ పలకల స్క్రూలు తీసి ఎనిమిది ఎంఎం బోల్టు పెడితే వేళ్ళతోనే చివరిదాకా దిగింది, అదే పాత ఐదు బై పదహారు అంగుళాల రంధ్రమైతే రెండు చుట్లకే పట్టేసేది. అంతా మెట్రిక్, పేరు మాత్రం పాత ఇంగ్లండ్ పేరు. ఒక్క జాగ్రత్త చెబుతాను, దీన్ని తిరగేసి అనుకోకండి. అంగుళాల థ్రెడ్ ఉన్నంత మాత్రాన ఇంగ్లండ్‌దని కాదు, ఎందుకంటే మన దేశంలో మెట్రిక్ చట్టం వచ్చింది 1956లో, అప్పటిదాకా మన వర్క్‌షాపులూ ఇంగ్లీషు థ్రెడ్‌తోనే చేసేవి, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు మానలేదు.

వెనకాల రంగు పొరలు పోయాక బేస్ అడుగున ఇండియా అన్న మాట కనిపించింది. మామయ్య చూసి "జలంధర్ వైపు పోతరా ఇది, ఆ రోజుల్లో వాళ్ళు దుక్కలా పోసేవాళ్ళు" అన్నారు. బరువు తూచాం, 13 కిలోల పైనే ఉంది. ఈమధ్య కొత్తగా అమ్మే చవక నాలుగంగుళాలవి ఎత్తి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది, కింద బీడు పలచబడిపోయింది.

నిజం చెప్పాలంటే ఇంగ్లండ్‌ది కాదని తెలిసిన రోజు మనసు చివుక్కుమంది. తర్వాత వాడటం మొదలుపెట్టాను. సైకిల్ ఫోర్క్ కోశాను, గేటు బందులు వంచాను, రంపాలు పదును పెట్టాను, వారానికి నాలుగైదు రోజులు దాని మీదే పని. ఎక్కడా బీట రాలేదు. కాగితం ముక్క దవడల నాలుగు మూలల్లో ఒక్కోసారి పెట్టి మెల్లగా బిగించి లాగి చూస్తే మూడు మూలల్లో గట్టిగా పట్టింది, కుడి కింది మూల కొంచెం వదులు. మరీ గట్టిగా బిగిస్తే ముందు దవడ అర మిల్లీమీటర్ పైకి లేస్తుంది. మూడంగుళాలు దాటి తెరిస్తే పక్కకి ఊగుతుంది. ఇవి ఉన్న లోపాలు, దాచడం లేదు. దవడ పలకల్లో ఒకటి గట్టిది, ఆకురాయి జారిపోయింది. రెండోది ఎవరో మెత్తటి ఇనుముతో మార్చారు, ఆకురాయి కరిచేసింది, అది నేను 350 పెట్టి చేయించుకున్నాను. హ్యాండిల్ వంగి ఉంది, అంటే ఎవరో పైపు తొడిగి బిగించారు. హ్యాండిల్ వంగిన వైస్ కనిపిస్తే స్క్రూ తలలో హ్యాండిల్ దూరే రంధ్రం కోలగా సాగిందేమో తప్పక చూడండి, నాది సాగలేదు కాబట్టే తీసుకున్నాం.

విదేశీ వైస్ కావాలనుకునే వాళ్ళకి నాలుగు ముక్కలు. వెస్ట్ జర్మనీ అని ఉంటే 1949, 1990 మధ్యది, చెకోస్లొవేకియా అంటే 1992 లోపుది, దేశం పేరే తేదీ చెప్పేస్తుంది. పార్కిన్సన్ అని ఉంటే యార్క్‌షైర్‌లోని షిప్లీది, దానిలో నట్టు సగమే ఉంటుంది, మీట నొక్కితే దవడ సర్రున జరుగుతుంది, ఆ సగం నట్టు అరిగిందో లేదో చూడకుండా తీసుకోవద్దు. గుజరాత్‌లో అలంగ్ తీరంలో ఓడలు విడగొడతారు కదా, వాటి ఇంజిన్ రూముల్లోంచి జపాన్, జర్మనీ వైస్‌లు బయటికొస్తాయి, ఎవరైనా అటు వెళితే చూడొచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి గరాజ్ సేల్‌లో విల్టన్ దొరికితే అదృష్టమే. 1941లో షికాగోలో మొదలైన కంపెనీ. ముందు దవడ మొత్తం లాగి కింద గాడి పక్కన చూస్తే తేదీ కొట్టి ఉంటుంది. పాతవాటిలో అది గ్యారంటీ ముగిసే తేదీ, తయారైంది అంతకు ఐదేళ్ళ ముందు.

ధర సంగతికొస్తే, పేరు ఏదైనా నాలుగంగుళాల మన దేశపు పాత వైస్‌కి 2,500 దాటి నేను పెట్టను. ఎర్రగడ్డకి మేం ఏడున్నరకల్లా చేరాం, పది దాటితే జనంలో స్క్రూ విప్పి చూసే చోటే ఉండదు. అయస్కాంతం, చిన్న ఆకురాయి, స్కేలు, ఒక ఎనిమిది ఎంఎం బోల్టు, పాత గుడ్డ తీసుకెళ్ళండి. సంచి మాత్రం బియ్యం సంచి వద్దు, మాది మెట్రో మెట్ల దగ్గరే చిరిగిపోయింది.