నాలుగు ఎండాకాలాలు చూసిన మా సోడా కెగరేటర్

మాది హనుమకొండలో మేడ మీది ఇల్లు. మే నెలలో ఎండ 44 డిగ్రీలకు చేరితే ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంతగా కాగిపోతాయి. ఇంట్లో ఆరుగురం. అమ్మకు షుగరు ఉంది కాబట్టి తీపి పానీయాలు ముట్టదు, నిమ్మకాయ పిండి ఉప్పు వేసిన సోడా అంటే మాత్రం ప్రాణం. రోజూ సోడా సీసాలు మోసుకురావడం, ఖాళీవి సంచుల్లో పోగుపడటం భరించలేక 2022 జనవరిలో కెగరేటర్ అమర్చుకున్నాను, అంటే లోపల కెగ్ (పానీయం నింపే స్టీలు పీపా), బయట కుళాయి ఉన్న ఫ్రిజ్. దీన్ని సాధారణంగా బీరు కోసం వాడతారు. మా ఇంట్లో దానిలోంచి వచ్చేది సోడా ఒక్కటే. పైగా ఇందులో పెట్టే 19 లీటర్ల స్టీలు కెగ్ పుట్టిందే శీతల పానీయాల కోసం. అమెరికాలో ఒకప్పుడు కూల్‌డ్రింక్ సిరప్‌ను ఇలాంటి వాటిలోనే దుకాణాలకు పంపేవారు.

పాత ఒంటి తలుపు ఫ్రిజ్, ఒక కెగ్, రెండు కిలోల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, రెగ్యులేటర్, గొట్టాలు, స్టీలు కుళాయి. అన్నీ కలిపి ముప్పై వేలు దాటింది. కుళాయి దగ్గర డబ్బు ఆదా చేయకండి. గ్యాసు కలిసిన నీటికి ఆమ్లగుణం ఉంటుంది, అది ఇత్తడిని, రాగిని కరిగిస్తుంది. పైన మెరుపు పూత వేసిన ఇత్తడి కుళాయి సగం ధరకే దొరికినా నేను తీసుకోలేదు. ఇప్పటికీ అదే మంచి పని అనుకుంటాను.

కుళాయి కోసం నేను రంధ్రం చేసిన మొదటి ఫ్రిజ్ పాడైపోయింది. పక్క గోడకు డ్రిల్ పెట్టగానే బుస్సుమని శబ్దం వచ్చింది. ఫ్రిజ్ వేడిని బయటికి పంపే సన్నని గొట్టాలు చాలా మోడళ్లలో పక్క గోడల లోపలే ఉంటాయి. ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు చేత్తో తాకితే ఆ చోటు వెచ్చగా తెలుస్తుంది. రెండో ఫ్రిజ్‌కు తలుపులో మాత్రమే రంధ్రం చేసి కుళాయి బిగించాను. గ్యాసు గొట్టానికి మరో రంధ్రం అవసరం లేకుండా సిలిండర్‌ను కూడా లోపలే పెట్టేశాను.

మర్నాడు చూస్తే రెగ్యులేటర్ మీద సిలిండర్ ఒత్తిడి చూపే ముల్లు 800 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) పైనుంచి 550 దగ్గరికి దిగిపోయి ఉంది. మూడో వంతు గ్యాసు కారిపోయిందని భయపడి గ్యాసు నింపే దుకాణానికి మోసుకెళ్లాను. తూకం వేస్తే ఒక్క గ్రాము తగ్గలేదు. సిలిండర్‌లో ఉన్నది ద్రవం. అది ఉన్నంతకాలం ముల్లు చూపేది ఉష్ణోగ్రతను బట్టి మారే ఒత్తిడినే తప్ప మిగిలిన పరిమాణాన్ని కాదు. ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే తూకం ఒక్కటే దారి. ఆ దుకాణం పెద్దాయనే ఇంకో మాట చెప్పాడు: "ఎండాకాలంలో బయట పెట్టేటట్టయితే నిండా పట్టించకండి సార్." 31 డిగ్రీలు దాటితే ఆ గ్యాసు ద్రవరూపంలో నిలవదు, నిండు సిలిండర్‌లో ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. మన ఊళ్లో ఏడాదిలో ఎన్ని నెలలు 31 దాటుతుందో చెప్పనక్కర్లేదు.

మొదటి నెలంతా నన్ను ఏడిపించింది నురగ. కుళాయి తిప్పితే తుంపరలు చిమ్మి, గ్లాసులో మిగిలేది చప్పటి నీళ్లు. ఒత్తిడి తగ్గించాను, పెంచాను, మళ్లీ తగ్గించాను. అదంతా వృథా ప్రయాస. కిట్టుతో వచ్చిన గొట్టం మీటరున్నర పొడవు, బీరుకు వాడే 10, 12 పీఎస్ఐకి సరిపోయేది. సోడాకు 4 డిగ్రీల చల్లదనంలో 30 పీఎస్ఐ కావాలి. అంత ఒత్తిడిని గ్లాసులోకి వచ్చేలోగా నెమ్మదింపజేయాలంటే గొట్టం సన్నగా, పొడవుగా ఉండాలి. లోపలి వ్యాసం సుమారు 5 మిల్లీమీటర్లున్న గొట్టం ఎనిమిది మీటర్లు తెచ్చి చుట్టచుట్టి కెగ్ మీద పెట్టాను. ఆ రోజు సాయంత్రమే గ్లాసు నిండా బుడగలు నిలిచాయి.

అయినా ఏప్రిల్‌లో మళ్లీ అదే గొడవ. ఈసారి కారణం వేడి. ఫ్రిజ్‌లో గాలి చల్లబడినంత త్వరగా 19 లీటర్ల నీళ్లు చల్లబడవు, ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. అప్పటినుంచి థర్మామీటరును గాలిలో కాకుండా ఒక నీళ్ల సీసాలో ముంచి ఉంచుతున్నాను. సోడా సరిగ్గా రావడం లేదని ఎవరైనా అడిగితే నా మొదటి ప్రశ్న ఇదే: నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి? దానికి జవాబు దొరికేదాకా రెగ్యులేటర్ ముట్టుకోవద్దు.

గ్యాసు ఎక్కించే పద్ధతి తేలికే. నీళ్లు బాగా చల్లబడ్డాక కెగ్‌లోకి కొంచెం గ్యాసు వదిలి, పై కవాటం లాగి లోపలి గాలిని బయటికి పంపాలి, ఇలా మూడుసార్లు. ఆ గాలి ఉంటే సోడాకు ఘాటు రాదు. తర్వాత 30 పీఎస్ఐ పెట్టి అయిదు నిమిషాలు కెగ్‌ను ఊపి, రాత్రంతా వదిలేస్తాను. ఒక కెగ్‌కు సుమారు 150 గ్రాముల గ్యాసు కరుగుతుంది. వృథాతో కలిపి ఒక సిలిండర్ నాకు పది కెగ్‌లకు వస్తోంది.

2023లో ఒకసారి నిండు సిలిండర్ ఒక్క రాత్రిలో ఖాళీ అయింది. సబ్బు నురగ పూసి గొట్టాల అతుకులన్నీ వెతికినా లీకు దొరకలేదు. చివరికి చూస్తే కెగ్ మూత కింది పెద్ద రబ్బరు రింగు ఎండిపోయి ఉంది. రింగు మార్చి, ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు రాశాను. లీకు పరీక్షలో ఒక చిక్కుంది. సిలిండర్ కవాటం మూసి ముల్లు పడుతోందా అని చూసేటప్పుడు కెగ్ ఖాళీగా ఉండాలి. తాజా నీళ్లుంటే అవి గ్యాసు పీల్చుకుని, లీకు లేకపోయినా ముల్లు పడుతుంది. ఆ రాత్రి కారిన రెండు కిలోలంటే వెయ్యి లీటర్లకు పైగా గ్యాసు. అది గాలికంటే బరువైనది, నేలమీదే పేరుకుని ఊపిరాడకుండా చేస్తుంది. మా ఫ్రిజ్ గాలి ఆడే వసారాలో ఉండటం మా అదృష్టం. మూసి ఉన్న పడకగదిలో, కిటికీ లేని వంటింట్లో దీన్ని ఎవరూ పెట్టకండి.

సద్దుల బతుకమ్మ నాడు చుట్టాలు వస్తారని సుగంధి షర్బత్ నేరుగా కెగ్‌లో కలిపాను. అందరూ మెచ్చుకున్నారు, కానీ ఆ వాసన రబ్బరులో నెల రోజులు ఉండిపోయింది. గొట్టం, రింగులు మార్చక తప్పలేదు. అప్పటినుంచి కెగ్‌లో నీళ్లే, తీపి అయినా పులుపు అయినా గ్లాసులోనే.

కరెంటు పోయి వస్తూ ఉండే వీధిలో ఉంటే స్టెబిలైజర్ తప్పనిసరి. ఇద్దరే ఉన్న ఇంటికి ఇది దండగ, సీసాలే నయం. మాలాంటి ఇంటికి మాత్రం సందేహం లేకుండా కొనమంటాను. సిలిండర్ మెడ మీద పరీక్ష సంవత్సరం 2021 అని చెక్కి ఉంది. అయిదేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష చేయించాలి కాబట్టి 2026లో దాన్ని పంపాలి. ఎండలు ముదరకముందే, సంక్రాంతికే ఆ పని అయిపోవాలని అమ్మ ఇప్పటికే రెండుసార్లు గుర్తుచేసింది.