మామోగ్రామ్ చూడటానికి ఇద్దరు డాక్టర్లు మేలా, ఒక డాక్టరూ ఏఐ కలిస్తే మేలా?

మామోగ్రామ్‌లో, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రేలో, క్యాన్సర్ గడ్డ తెల్లగా కనిపిస్తుంది. చిక్కేమిటంటే, కొవ్వు తక్కువగా, దట్టంగా ఉన్న రొమ్ము కూడా తెల్లగానే పడుతుంది. ఒకరి కంటికి చిక్కనిది ఇంకొకరికైనా దొరుకుతుందని యూరప్‌లో చాలాచోట్ల ఒక్కో మామోగ్రామ్‌ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూస్తారు. పద్ధతి మంచిదే, అంతమంది రేడియాలజిస్టులు దొరకాలిగా!

రెండో డాక్టరు బదులు ఏఐ ఉంటే సరిపోతుందా అన్నది స్వీడన్‌లో జరిగిన మసాయ్ ట్రయల్ పరీక్షించి చూసింది. లక్షకు పైగా మహిళలను లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి పాత పద్ధతే. రెండో గుంపులో ముందు ఏఐ చూసి, 1 నుంచి 10 దాకా స్కోరు ఇచ్చి, అనుమానం ఉన్నచోట గుర్తు పెట్టేది. 9 వరకూ అయితే ఒక డాక్టరు, 10 వస్తే ఇద్దరు. పాత పద్ధతిలో వెయ్యిమందిలో 5 క్యాన్సర్లు బయటపడితే, ఏఐ తోడుతో 6.4. డాక్టర్లు చూడాల్సిన పని 44 శాతం తగ్గింది. క్యాన్సర్ లేకుండానే మరిన్ని పరీక్షలకు వెనక్కి పిలిచి టెన్షన్ పెట్టడం పెద్దగా పెరగలేదు. ఏఐ చేసేది ప్రాణాపాయం లేని గడ్డల్ని ఏరి చూపించడమేనేమో అనుకోవచ్చు. కానీ ఒక స్క్రీనింగ్‌కీ మరోదానికీ మధ్య బయటపడే మొండి క్యాన్సర్లు కూడా ఏఐ గుంపులో పెరగలేదు, కాస్త తక్కువే వచ్చాయి.

కాబట్టి నా ఓటు డాక్టరూ ఏఐ జోడీకే. డాక్టరును పూర్తిగా తప్పించడానికి మాత్రం ఈ అంకెలు పనికిరావు. వెనక్కి పిలవాలా వద్దా అన్నది అక్కడ డాక్టర్లే తేల్చారు. ఏఐకి అలవాటు పడితే డాక్టర్ల కన్ను మందగిస్తుందన్న భయం కూడా ఉంది. పోలండ్‌లో ఏఐ సాయంతో కొలనోస్కోపీలు (పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్షలు) చేయడం మొదలయ్యాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో డాక్టర్లు గడ్డలు పట్టుకునే రేటు 28.4 నుంచి 22.4 శాతానికి పడింది.

మన దగ్గర లెక్క వేరు. మామోగ్రామ్‌ని మామూలుగా ఒక్కరే చూస్తారు. అందువల్ల ఏఐ మనకు పని తగ్గించేది కాదు, లేని రెండో కన్ను. పైగా మనవాళ్ళకు ఈ జబ్బు పాశ్చాత్యులకన్నా చిన్న వయసులోనే వస్తోంది, ఆ వయసులో రొమ్ము దట్టంగా ఉంటుంది. స్వీడన్ అంకెల్ని యథాతథంగా ఇక్కడ అంటించలేం.

ఇక "రేడియేషన్ లేదు, నొప్పి లేదు" అంటూ క్యాంపుల్లో థర్మల్ కెమెరాతో చేసే ఏఐ పరీక్ష మామోగ్రామ్‌కి బదులు కాదు. అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ కూడా థర్మోగ్రఫీ (ఒంటి వేడిని కెమెరాతో చూసే ఈ పద్ధతి) గురించి ఇదే హెచ్చరించింది. అందులో నార్మల్ అని వచ్చినా, చేతికి గడ్డ తగులుతుంటే మామోగ్రామో, చిన్న వయసైతే అల్ట్రాసౌండో చేయించుకోవాల్సిందే.