పాత సమాధులు వెతికిపెడతామనే వాళ్ళకి డబ్బు కట్టేముందు ఆగండి

నిన్న రాత్రే ఒంగోలు నుంచి వచ్చాను, కోపం ఇంకా తగ్గలేదు, రాసేదాంట్లో తప్పులుంటే సర్దుకోండి. "చర్చి రికార్డుల్లోంచి మీ పూర్వీకుల సమాధి, 20 రోజుల్లో గ్యారంటీ" అని రోజూ పోస్టులు పెడతాడే, ఆయన గురించే. పేరు రాయను, మీలో సగం మందికి తెలుసు.

మాది ఒంగోలు దగ్గర పల్లె. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు కదా, అందులో మా ముత్తాత వాళ్ళ అమ్మానాన్న కూడా ఉన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. ముత్తాత 1918 జ్వరాల్లో పోయాడు, ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలియదు. మా మేనత్తకి 82. "నేను పోయేలోపు తాత దగ్గర ఒక్క కొవ్వొత్తి వెలిగించాలిరా" అని ఎప్పుడూ అంటుంటే సరేలే అని 18,500 కట్టాను. అందులో 6,000 'లండన్ కాపీ ఛార్జీ' అట.

రిజిస్టర్ పేజీ ఫొటో పంపాడు. ముత్తాత పేరు, వాళ్ళ నాన్న పేరు, ఊరు, 1918 నవంబరు, జ్వరం. చూసి ఏడ్చాను కూడా. ఇప్పుడు వాట్సాప్ పైకి జరిపి చూస్తే, ఆ పేజీలో ఉన్న ప్రతి ముక్కా మొదటిరోజు నేను ఆయనకి టైప్ చేసి పంపిందే. నా మాటలే నాకు అమ్మాడు!

సరే, సమాధుల పండుగ రోజున అత్తయ్యని ఆటోలోంచి దింపి, చెయ్యి పట్టుకుని, కంపచెట్లు తప్పిస్తూ ఆయన పంపిన ఫొటోలోని సమాధి దగ్గరికి తీసుకెళ్ళాను. సిమెంటుది, సిలువ ఉంది, అక్షరాలు సున్నం కింద మూసుకుపోయాయి. ఆవిడ చెప్పులు విప్పింది. బంతిపూల దండ వేసి, కొవ్వొత్తి గాలికి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. సగంలో వెనక నుంచి "ఎవరమ్మా మీరు? ఇది మా నాయనమ్మది" అని వినపడింది. సున్నం బకెట్టుతో ఒక కుటుంబం. వాళ్ళబ్బాయి సిలువ కింద గోరుతో గీకితే 1971 అని బయటపడింది.

అత్తయ్య దండ తీసేసి చేతిలో పట్టుకుని నిలబడింది. "ఉండనివ్వండి పెద్దమ్మా, పూలే కదా" అన్నారు పాపం వాళ్ళు.

అక్కడే నిలబడి ఆయనకి ఫోన్ చేశాను. "సార్, వందేళ్ళ నాటిది ఎవరికి దొరుకుతుంది చెప్పండి? పెద్దావిడ తృప్తి కోసం అన్నారు, కొవ్వొత్తి వెలిగించింది కదా, ఇంకేంటి?" ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఆవిడ విన్నది. ఆ తర్వాత నన్ను బ్లాక్ చేశాడు, మహానుభావుడు.

ఆటోలో చాలాసేపటికి అత్తయ్య ఒక్కటే అంది: "మా తాతకి సిమెంటు కట్టించే డబ్బు ఆ రోజుల్లో ఎవరి దగ్గర ఉందిరా? మట్టి పోసి, తలవైపు ఒక రాయి పెట్టి ఉంటారు. నన్నడిగితే చెప్పేదాన్నిగా." నేను అడగలేదు. సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నాను మరి.

రాత్రి ఆ ఫొటో పెద్దది చేసి చూశాను. 1918 రిజిస్టర్‌లో ఊరి పేరు పక్కన 'ప్రకాశం జిల్లా'! ఆ జిల్లా పుట్టిందే 1970లో, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. అంతకుముందు ఒంగోలు గుంటూరు జిల్లాలోది, మా నాన్న సర్టిఫికెట్‌లో కూడా గుంటూరు జిల్లా అనే ఉంటుంది. ఇంత తెలిసీ డబ్బులు కట్టిన తెలివైనవాణ్ణి నేను. ఇక లండన్ సంగతి. అక్కడికి కాపీలు వెళ్ళింది మద్రాసు ప్రెసిడెన్సీ చాప్లిన్ల, అంటే బ్రిటిష్ సర్కారు పాదిరీల రిజిస్టర్లవి, అవి కూడా ఎక్కువగా దొరల కుటుంబాలవి. ఒంగోలు మిషను అమెరికన్ బాప్టిస్టులది, మా పల్లె మనిషి లండన్ దాకా ఎందుకు పోతాడు?

ఎవరికైనా డబ్బు కట్టేముందు రిజిస్టర్ అట్ట, ముందు పేజీ, వెనక పేజీ కూడా ఫొటో తీసి పంపమనండి. అసలు ముందు మీ ఊరి పాస్టరు గారినీ సంఘ పెద్దల్నీ అడగండి, పాత సభ్యత్వ పుస్తకాలు వాళ్ళ బీరువాల్లో ఉండొచ్చు. ఊరి మునసబులు రాసిన మరణాల రిజిస్టర్లు ఏమైనా మిగిలాయేమో తహసీల్దారు ఆఫీసులో కనుక్కోండి. ఇంట్లో ముసలివాళ్ళు ఉంటే వాళ్ళని ఇంకా ముందు అడగండి.

ఆయన దగ్గర పేజీ కొన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే ఆ ఫొటో నాకు పంపండి. నా దాంట్లో 'జ' కింద ఒక తోక ఉంది, మీ దాంట్లో కూడా అదే ఉంటే పోలీస్ కంప్లైంట్ కలిపి ఇద్దాం.