ఫ్లోరెన్స్ మత్సుతాకే: నేలమట్టానికి కోసిన గైడు

పోర్ట్‌లాండ్ నుంచి ఒరెగాన్ తీరంలోని ఫ్లోరెన్స్‌కి సుమారు మూడు గంటలు. దారి బాగుంది, 142 డాలర్ల రూము పర్లేదు. ఒళ్ళు మండింది, గైడు వెంట నడుస్తూ పుట్టగొడుగులు వెతికే వాక్ దగ్గరే. మనిషికి 85 చొప్పున నలుగురికి 340 డాలర్లు. ఇసుకదిబ్బల మీది షోర్ పైన్ చెట్ల కింద తెల్లటి గొడుగు కనపడగానే గైడు కత్తితో నేలమట్టానికి కోసి, “వాసన చూడండి, మత్సుతాకే” అన్నాడు, అంటే తినే పుట్టగొడుగు. అసలు చూడాల్సిన భాగం ఇసుకలోనే ఉండిపోయింది.

అవే చెట్ల కింద, అదే సీజన్‌లో అమానిటా స్మిథియానా అనే విషపు పుట్టగొడుగు కూడా మొలుస్తుంది. అదీ తెలుపే, దాని కాడకీ ఉంగరం ఉంటుంది. స్పోర్ ప్రింట్, అంటే గొడుగుని కాగితం మీద పెడితే రాలే పొడి అచ్చు, రెండింటిదీ తెలుపే కాబట్టి అది తీసినా లాభం లేదు. తింటే ముందు వాంతులు, కొన్ని రోజులకి కిడ్నీలు దెబ్బతింటాయి.

తేడా తెలిసేది కాడలో. కత్తి జేబులో పెట్టి, వేళ్ళతో ఇసుక తీసి, మొదలంటా పట్టుకుని మెల్లగా ఊపుతూ పైకి తీయాలి. రేక్‌తో గీకితే కింద అల్లుకున్న బూజుదారాలు తెగి, మరుసటి ఏడు పంట పోతుంది. మత్సుతాకే కాడ కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది, బొటనవేలితో గట్టిగా నొక్కినా నలగదు. స్మిథియానా కాడ అడుగున ఉబ్బి ముల్లంగిలా దిగబడి ఉంటుంది, నొక్కితే సుద్దలా పొడిపొడి అయిపోతుంది. దాని గొడుగు మీద పిండి చల్లినట్టు పొరలుంటాయి గానీ, వాన పడితే కడుక్కుపోతాయి.

మత్సుతాకేది దాల్చినచెక్క ఘాటు, దాంట్లో కాస్త ముక్కిపోయిన వాసన. ముదిరిన స్మిథియానా బ్లీచింగ్ పౌడర్ కంపు కొడుతుంది. అయినా ముక్కు ఒక్కదాన్నే నమ్మొద్దు. జలుబు చేస్తే అదీ పనిచెయ్యదు.

ఎరుపు తెలుపు చారల కాడతో నిలబడే క్యాండీ స్టిక్ మొక్క మత్సుతాకే బూజు మీదే బతుకుతుంది. అది ఎండి కనపడినా చుట్టుపక్కల వెతకండి. పర్మిట్ నిబంధనలు మాత్రం ముందే ఫారెస్ట్ ఆఫీసులో అడగాలి.

గైడు ఇచ్చిన ముక్కల్ని వదిన పొయ్యి ఎక్కించనివ్వలేదు, మంచిపని చేసింది. మర్నాడు మొదలంటా తీసినవి రెండే దొరికాయి. బాగా తెలిసినాయన చూసి సరేనన్నాక, పల్చగా తరిగి ఉడుకుతున్న అన్నం మీద పరిచి మూతపెట్టాం. ఉప్పు తప్ప ఏమీ వెయ్యలేదు. వదిన మారు వడ్డించుకుంది.